1/70 చట్టం

1/70 చట్టం అనేది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల షెడ్యూల్డు ప్రాంతాలలో స్థిరాస్తి బదిలీలను నియంత్రించే శాసనానికి వాడుకలో ఉన్న పేరు. ఈ ప్రాంతాలనే ప్రజలు ఏజెన్సీ అని వ్యవహరిస్తారు. శాసనం అసలు పేరు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన, 1959. దీనికి 1970వ సంవత్సరపు మొదటి నిబంధన ద్వారా చేసిన సవరణ ముఖ్యమైనది కావడంతో "వన్ ఆఫ్ సెవెంటీ" అనే పేరు స్థిరపడింది. దీని ప్రకారం ఏజెన్సీలోని పొలం గాని, ఇంటిస్థలం గాని, కట్టిన ఇల్లు గాని షెడ్యూల్డు తెగలవారికి, లేదా కేవలం వారే సభ్యులుగా గల సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ చేయడం చెల్లదు. అమ్మేవారు గిరిజనులైనా, గిరిజనేతరులైనా ఈ నియమం వర్తిస్తుంది.

పరాయి దేశంలో ఇల్లు కట్టుకోవడానికి భూమి కొనబోయే విదేశీయునికి అనేక దేశాలలో ఆంక్షలు ఎదురవుతాయి. అటువంటి ఆంక్షే ఖమ్మం జిల్లా మైదాన ప్రాంతం నుండి భద్రాచలం వెళ్ళి స్థిరపడదలచిన గిరిజనేతరునికి స్వదేశంలోనే ఎదురవుతుంది. అతడు అక్కడ నివసించవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, ఓటు వేయవచ్చు. కాని సెంటు భూమిని కూడా చట్టబద్ధంగా కొనలేడు.

పరిధి

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మైదానం, అటవీ ప్రాంతం రెండూ ఉండేవి. ఖమ్మం పట్టణానికి సమీపంలోని ముదిగొండ, దాని పొరుగున ఉన్న నేలకొండపల్లి మైదాన మండలాలు. అవి షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. గోదావరి తీరాన ఉన్న భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మొదలైనవి షెడ్యూల్డు ప్రాంతానికి చెందినవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏజెన్సీలో అధిక భాగం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్ళగా, ముదిగొండ ఖమ్మం జిల్లాలోనే మిగిలింది.

షెడ్యూల్డు ప్రాంతాల హద్దులను రాష్ట్రపతి ఉత్తర్వులు నిర్ణయిస్తాయి. పూర్వపు మద్రాసు రాష్ట్రంలోని గోదావరి ఏజెన్సీకి, పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలోని గిరిజన గ్రామాలకు 1950లో వేర్వేరు ఉత్తర్వులు వెలువడ్డాయి. తెలంగాణ వైపు గ్రామాల జాబితాను బట్టి పరిధి నిర్ణయమైనందున, పక్కపక్కన ఉన్న రెండు గ్రామాలలో ఒకటి చట్టం పరిధిలోకి వచ్చి, రెండవది రాకపోవడం సాధ్యమే. అందువలన ఏదైనా స్థలానికి ఈ చట్టం వర్తిస్తుందా లేదా అన్నది అక్కడి జనాభాను బట్టి గాక, ఆ రెవెన్యూ గ్రామం షెడ్యూల్డు ప్రాంతంగా ప్రకటితమైనదా లేదా అనే అంశాన్ని బట్టి తేలుతుంది. భద్రాచలం పట్టణంలో గిరిజనేతరులు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నప్పటికీ అది షెడ్యూల్డు ప్రాంతమే.

2014లో రాష్ట్ర విభజన సందర్భంగా పోలవరం ప్రాజెక్టు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా భద్రాచలం మండలాన్ని, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చారు. దీనితో భద్రాచలం పట్టణపు అంచునే రాష్ట్ర సరిహద్దు ఏర్పడింది. రాష్ట్రం మారినా ఆ గ్రామాల షెడ్యూల్డు హోదా మారలేదు. చట్టం సరిహద్దుకు రెండు వైపులా అమలులో ఉంది.

నేపథ్యం

ఈ ప్రాంతపు ఆదివాసులలో కోయలు, కొండరెడ్లు ముఖ్యులు. భద్రాచలం సీతారామచంద్రస్వామి ఆలయాన్ని 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న (భక్త రామదాసు) నిర్మించాడు. ఆయన స్వస్థలం నేలకొండపల్లి. యాత్రాస్థలం కావడం వలన భద్రాచలానికి మైదాన ప్రాంతాలతో రాకపోకలు పూర్వం నుండి ఉన్నాయి. గోదావరిపై వంతెన 1965లో అందుబాటులోకి రావడంతో ఇవి మరింత పెరిగాయి. గోదావరి ఒండ్రు నేలలలో పొగాకు, మిరప సాగు కోసం కోస్తా జిల్లాల రైతులు వచ్చారు. బొగ్గు గనులు, కర్మాగారాలు, ప్రభుత్వ కార్యాలయాల వెంట ఉద్యోగులు, వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు.

ఆదివాసుల భూమి చేతులు మారడంలో అప్పు ప్రధాన పాత్ర వహించింది. ధాన్యం, బట్ట, ఉప్పు వంటివి అరువు ఇచ్చిన వ్యాపారి వడ్డీ కింద పంట తీసుకోవడం, తరువాత పొలాన్ని తాకట్టు పెట్టించుకోవడం, చివరకు దానిని తన పేర రాయించుకోవడం ఏజెన్సీ అంతటా కనిపించిన క్రమం. రాతకోతలు తెలియని రైతుకు, కాగితాన్ని, కచేరీని ఎరిగిన కొనుగోలుదారుకు మధ్య జరిగే బేరం సమానుల మధ్య బేరం కాదన్న అభిప్రాయమే ఈ చట్టాలకు మూలాధారం.

చరిత్ర

1917 చట్టం

భద్రాచలం ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుండి మద్రాసు ప్రెసిడెన్సీకి బదిలీ అయింది. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టాన్ని తెచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ఇది వర్తించింది. కొండజాతివారు తమ భూమిని ఇతరులకు బదిలీ చేయాలంటే ఏజెంటు, అనగా ఏజెన్సీ పాలనాధికారి అయిన కలెక్టరు, అనుమతి అవసరమని ఇది నిర్దేశించింది. వడ్డీపై కూడా పరిమితి విధించింది.

హైదరాబాదు రాష్ట్రంలో

నిజాం పాలనలో ఉన్న పాల్వంచ, ఇల్లెందు ప్రాంతాలకు మద్రాసు చట్టం వర్తించలేదు. ఆదిలాబాదు జిల్లా జోడేఘాట్ వద్ద 1940లో కొమరం భీం మరణించిన తరువాత హైదరాబాదు ప్రభుత్వం గిరిజన సమస్యలపై దృష్టి సారించి, మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ సేవలను వినియోగించుకుంది. 1940వ దశకంలోనే గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి.

రాజ్యాంగం, 1959 నిబంధన

భారత రాజ్యాంగం 244వ అధికరణం, ఐదవ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల శాంతి, సుపరిపాలనల కోసం నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఉంది. భూబదిలీని నిషేధించడం, వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించడం ఇందులోని ముఖ్య విషయాలు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదం పొందిన తరువాతే అటువంటి నిబంధన అమలులోకి వస్తుంది.

ఈ అధికారంతో చేసిన 1959 నిబంధన మొదట ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీలకు వర్తించింది. అదే సంవత్సరం భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 1963లో మరొక నిబంధన ద్వారా దీనిని తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరింపజేశారు.

1970 సవరణ

1959 నిబంధనలో రెండు లొసుగులు ఉండేవి. అధికారి అనుమతితో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనే వీలుండేది. ఒకసారి గిరిజనేతరుల చేతికి వచ్చిన భూమి ఆ తరువాత వారిలో వారు స్వేచ్ఛగా అమ్ముకునే వీలుండేది. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన రైతాంగ పోరాటం సాగుతున్న కాలంలో, 1970 ఫిబ్రవరి 3 నుండి అమలులోకి వచ్చిన సవరణ ఈ రెండు దారులనూ మూసివేసింది. 1971 సవరణ తనఖాల వంటి అంశాలకు సంబంధించినది. 1978 సవరణ రిజిస్ట్రేషన్లపై ఆంక్షలను, శిక్షలను చేర్చింది.

ముఖ్యాంశాలు

* బదిలీ నిషేధం: అమ్మకం, కౌలు, తాకట్టు, దానం, మార్పిడి మొదలైనవన్నీ బదిలీ కిందికి వస్తాయి. గిరిజనేతరునికి చేసిన బదిలీ మొదటి నుండీ చెల్లనిదే అవుతుంది. దానిని రద్దు చేయమని వేరుగా దావా వేయనక్కరలేదు.
* చట్టపరమైన ఊహ: ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి గిరిజనుని నుండే వచ్చినదని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకొనే బాధ్యత స్వాధీనదారుదే.
* బినామీ: గిరిజనుని పేరు పెట్టి గిరిజనేతరుడు లబ్ధి పొందే కొనుగోలు కూడా నిషిద్ధ బదిలీయే. కోర్టు డిక్రీ అమలులో జరిగే వేలం సైతం బదిలీ కిందికే వస్తుంది.
* వారసత్వం: వీలునామా ద్వారా ఆస్తి సంక్రమించడం బదిలీ నిర్వచనంలో లేదు. చట్టబద్ధమైన హక్కు గల గిరిజనేతరుని ఆస్తి అతని వారసులకు చెందుతుంది.
* ప్రభుత్వ కొనుగోలు: భూమిని అమ్మదలచిన యజమానికి గిరిజన కొనుగోలుదారు దొరకనప్పుడు, దానిని తీసుకోమని ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పరిహారం భూపరిమితి చట్టపు లెక్క ప్రకారం ఉంటుంది. ఇది బజారు ధర కాదు.
* స్వాధీనం, తిరిగి అప్పగింత: చెల్లని బదిలీ అని తేలితే స్వాధీనదారును ఖాళీ చేయించి, భూమిని అమ్మిన గిరిజనునికి లేదా అతని వారసులకు అప్పగిస్తారు. వారు లేనప్పుడు, లేదా స్వీకరించనప్పుడు ఇతర గిరిజనులకు ఇస్తారు.
* శిక్ష: చట్టాన్ని ఉల్లంఘించి భూమిని పొందినవారికి ఏడాది వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఈ కేసులను సాధారణ సివిల్ కోర్టులు గాక, గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్లు విచారిస్తారు. వీటిని ఎల్.టి.ఆర్. కేసులు అంటారు.

న్యాయస్థానాల తీర్పులు

చట్టం చెల్లుబాటును పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. గిరిజనేతరుల మధ్య జరిగే అమ్మకాలను కూడా నిషేధించడం సమానత్వ సూత్రానికి విరుద్ధమన్న వాదనను కోర్టు అంగీకరించలేదు.

1995లో ఎస్. వెంకటరమణయ్య కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టానికి పూర్వవర్తన లేదని స్పష్టం చేసింది. అనగా, చట్టం అమలులోకి రాకముందు జరిగిన బదిలీలకు అది వర్తించదు. అందువలన ఏజెన్సీ భూవివాదాలలో తేదీకి గొప్ప ప్రాముఖ్యం ఏర్పడింది. పాత దస్తావేజు, పహాణీలోని పాత నమోదు ఒక కుటుంబం ఉండిపోవడాన్నో, ఖాళీ చేయడాన్నో నిర్ణయించగలవు.

1997 జూలై 11న వెలువడిన సమత తీర్పు ఈ చట్టపు చరిత్రలో ప్రధానమైనది. విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. చట్టంలోని "వ్యక్తి" అనే పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని, కనుక షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో తీర్పు చెప్పింది.

ఇంటిస్థలాలు

చట్టం ఏర్పడిన కాలంలో చర్చంతా సాగుభూమి గురించే జరిగింది. పట్టణాలు పెరిగిన కొద్దీ ఇంటిస్థలం ముఖ్య వివాదాంశమైంది. స్థిరాస్తి అనే మాటలో ఇంటిస్థలానికి, పొలానికి భేదం లేదు. కాని ఉద్యోగ విరమణ చేసినవారు, వ్యాపారులు, తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు ఇల్లు కట్టుకోవడం ఆగలేదు.

రిజిస్ట్రేషన్ జరిగే వీలు లేనందున స్థలాలు తెల్లకాగితం ఒప్పందాల మీద, నోటరీ చేయించిన స్టాంపు కాగితాల మీద చేతులు మారుతుంటాయి. ఇటువంటి కాగితం వలన కొన్నవానికి యాజమాన్య హక్కు రాదు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు నివాసానికి సాక్ష్యాలే గాని హక్కు పత్రాలు కావు. అమ్మినవాడు మాట తప్పినా, అదే స్థలాన్ని మరొకరికి అమ్మినా, చెల్లని ఒప్పందాన్ని అమలు చేయించమని కోర్టును కోరే అవకాశం ఉండదు. హక్కు పత్రం లేనిదే ఆ ఇంటిని తాకట్టు పెట్టి గృహరుణం పొందడమూ సాధ్యం కాదు.

గిరిజన స్త్రీని వివాహమాడి ఆమె పేర, లేదా ఇంట్లో పనిచేసే గిరిజనుని పేర స్థలం కొనడం మరొక పద్ధతి. డబ్బు, అనుభవం గిరిజనేతరునివే అని రుజువైతే ఇది బినామీ అవుతుంది. వివాహం వలన భర్తకు షెడ్యూల్డు తెగ హోదా రాదు.

మైదానంతో పోలిక

ముదిగొండలో 1/70 చట్టం వర్తించదు. అక్కడ ఎవరైనా భారత పౌరుడు స్థలం కొని రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. అయితే చట్టం అడ్డు లేనంత మాత్రాన పేదలకు ఇల్లు దక్కలేదు. 2007లో భూమి, ఇంటిస్థలాల పంపిణీ కోసం, కోనేరు రంగారావు కమిటీ సిఫారసుల అమలు కోసం వామపక్షాలు నడిపిన భూపోరాటంలో భాగంగా జూలై 28న రాష్ట్ర బంద్ జరిగింది. ఆ రోజు ముదిగొండలో పోలీసులు జరిపిన కాల్పులలో ఏడుగురు మరణించారు. ఏజెన్సీలో బయటివారి కొనుగోలుకు చట్టం హద్దు గీస్తే, మైదానంలో పేదల కొనుగోలుకు ధర హద్దు గీసింది.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారు

ఖమ్మం జిల్లా నుండి ఉన్నత చదువులు, ఉద్యోగాల కోసం విదేశాలకు వెళ్ళి అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు స్వస్థలంలో ఇల్లు కట్టదలచినప్పుడు విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (1999) కూడా వర్తిస్తుంది. దీని కింది నియమాల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓవర్సీస్ సిటిజన్ కార్డు గలవారు నివాస, వాణిజ్య ఆస్తులను కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనరాదు. వారసత్వంగా పొందవచ్చు. భారతీయ మూలాలు లేని, విదేశంలో నివసించే విదేశీ పౌరులు సాధారణంగా ఇక్కడ స్థిరాస్తి కొనలేరు.

ఈ రెండు చట్టాలను కలిపి చూస్తే, విదేశీ పౌరసత్వం తీసుకున్న గిరిజనేతరుడు ముదిగొండలో ఇంటిస్థలం కొనవచ్చు, పక్కనున్న పొలాన్ని పొలంగా కొనలేడు. భద్రాచలంలో ఈ రెండూ కొనలేడు. ఆ విషయంలో అతనికి, ముదిగొండలోనే ఉండిపోయిన అతని సోదరునికి తేడా లేదు.

వాదనలు

చట్టాన్ని సమర్థించేవారి వాదన ప్రకారం ఆదివాసికి భూమి మారకపు సరుకు కాదు, జీవనాధారం. అమ్ముకునే స్వేచ్ఛ ఇస్తే ఆ స్వేచ్ఛను అప్పులవాడే వినియోగించుకుంటాడు. చట్టం ఉండగానే ఇంత భూమి చేజారిందంటే లోపం అమలులో ఉన్నదని, కేసులలో గెలిచిన గిరిజనులకు సైతం భూమి స్వాధీనం కావడంలో జాప్యం జరుగుతున్నదని వారు చెబుతారు.

గిరిజనేతరుల వాదన మరొక విధంగా ఉంటుంది. ఏజెన్సీలో ఉన్నవారందరూ భూస్వాములు, వడ్డీ వ్యాపారులు కారని, దళితులు, వెనుకబడిన కులాలవారు, కూలీలు కూడా ఉన్నారని, పుట్టి పెరిగిన ఊరిలో ఇంటికి పట్టా లేక, రుణం రాక ఇబ్బంది పడుతున్నారని వారు అంటారు. పట్టణ పరిధిలోని నివాస స్థలాలకైనా మినహాయింపు ఇవ్వాలనేది వారి కోరిక. మినహాయింపు ఇస్తే పట్టణాల చుట్టూ ఉన్న గిరిజన భూములే ముందుగా ప్లాట్లుగా మారుతాయని ఆదివాసీ సంఘాల సమాధానం.

గిరిజనులలో కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 1976 చట్టం ద్వారా తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. దీనితో వారికి ఏజెన్సీలో భూమి కొనే హక్కు లభించింది. తమ భూములు మైదానం నుండి వచ్చిన లంబాడాల చేతికి పోతున్నాయని కోయ, గోండు సంఘాలు అంటుండగా, రాజ్యాంగం ప్రకారం తమకు సమాన హక్కు ఉందని లంబాడా సంఘాలు అంటాయి. కొనుగోలుదారుల సంఖ్య తక్కువ కావడం వలన గిరిజనుల భూమికి ధర తక్కువగా పలుకుతుందన్నది మరొక విమర్శ.

అటవీ హక్కుల చట్టంతో సంబంధం

పోడు భూములకు 2006 అటవీ హక్కుల చట్టం వేరుగా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమిని సాగు చేస్తున్న గిరిజనులకు, మూడు తరాలుగా (75 సంవత్సరాలు) అడవిపై ఆధారపడి జీవిస్తున్న ఇతరులకు గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. కాని దీనిని ఎవరికీ, గిరిజనులకు సైతం, అమ్మరాదు. కనుక పోడు పట్టా ఉన్న భూమిని ఇంటికోసం కొనడం గిరిజనునికి కూడా చెల్లదు.

ఇతర ప్రాంతాలలో

* హిమాచల్ ప్రదేశ్: 1972 కౌలుదారీ, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షను ప్రకారం వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు.
* జార్ఖండ్: 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం ఆదివాసుల భూములకు రక్షణ కల్పిస్తుంది.
* ఫిజీ: భూమిలో ఎనభై శాతానికి పైగా స్థానిక తెగల ఉమ్మడి ఆస్తి. దానిని అమ్మరాదు, లీజుకు మాత్రమే ఇవ్వవచ్చు. 1903 నుండి మద్రాసు ఓడలలో వెళ్ళిన కూలీలలో తెలుగువారు కూడా ఉన్నారు. భారత సంతతి రైతులలో అనేకులు 30 సంవత్సరాల లీజు భూములలో చెరకు పండిస్తూ ఇళ్ళు కట్టుకున్నారు. 1997 నుండి లీజులు ముగియడం మొదలై, పునరుద్ధరణ కానిచోట్ల ఆ కుటుంబాలు ఇల్లు, పొలం వదలవలసి వచ్చింది.
* థాయిలాండ్, ఫిలిప్పీన్స్: విదేశీయులు సాధారణంగా భూమికి యజమానులు కాలేరు. నిర్ణీత పరిమితికి లోబడి బహుళ అంతస్తుల భవనాలలో ఫ్లాటు కొనవచ్చు.

భద్రాచలంలోని గిరిజనేతరుని స్థితి ఫిజీలోని తెలుగు రైతు స్థితిని కొంతవరకు పోలి ఉంటుంది. ఇద్దరూ ఇల్లు కట్టుకున్నది తమది కాని నేల మీదనే. కాని ఫిజీ రైతుకు గడువు తెలిపే లీజు పత్రం ఉండేది. భద్రాచలంలో తెల్లకాగితం మీద కొన్నవానికి గడువు గాని, హక్కు గాని లేవు. ఆ నేలను అమ్ముకున్న కోయ కుటుంబానికి మాత్రం, చట్టం ప్రకారం దానిని తిరిగి అడిగే హక్కు మిగిలి ఉంది.

ఇవి కూడా చూడండి

* భద్రాచలం
* ముదిగొండ
* కోయలు
* కొమరం భీం
* భారత రాజ్యాంగం, ఐదవ షెడ్యూలు
* అటవీ హక్కుల చట్టం, 2006
* పోలవరం ప్రాజెక్టు